లేదని చెప్పే సోదె

గ్రీకు నాటకాలను గూర్చి వ్రాసిన పాత టపా కింద ఒక మిత్రుడు, ‘ఆరకిల్’ అన్న మాటకు మన తెలుగులో సరియైన మాట ఏది మాస్టారూ అని అడిగారు. జవాబు రెండు వాక్యాలలో తేలేది కాదు. అందుకని విడిగా వ్రాస్తున్నాను. కొంచెం పొడవైతే మిత్రులు ఓర్చుకోవాలి.

ఆ మాట గ్రీకుల విషయంలో మూడింటిని కలిపి చెబుతుంది. దైవం పలికే చోటు ఒకటి, ఎవరి నోట పలుకుతుందో ఆ మనిషి ఒకటి, పలికిన పలుకు ఒకటి. మనవాళ్ళు వీటికి వేర్వేరు పేర్లు పెట్టుకొన్నారు. మనిషికి ఎఱుకలసాని, సోదెమ్మ, గణాచారి, మాతంగి అని ఎన్నో. పలుకుకు సోదె, ఎఱుక, రంగం, కాలజ్ఞానం. మనిషి కనబడకుండా మాట మాత్రమే వినబడితే అది ఆకాశవాణి. ఆ పేరు తరువాతి కాలంలో రేడియోకు వెళ్ళిపోయింది. వాన కబురు చెప్పే పని కూడా దాని వెంటే వెళ్ళింది.

నన్నడిగితే వీటన్నింటిలో ‘ఎఱుక’ గొప్ప మాట. ఎఱుగు అన్న క్రియ నుండి పుట్టింది. జ్ఞానమన్నా అదే, జోస్యమన్నా అదే. (బండి ఱ వ్రాస్తున్నందుకు కుఱ్ఱ మిత్రులు నవ్వుకోవచ్చు. దానిని ఏళ్ళ తరబడి పాఠం చెప్పినవాణ్ణి, ఇప్పుడు వదలలేను.) నెత్తిన బుట్ట, చేత కోల పట్టుకొని ఊరూరా ఎఱుక చెప్పిన ఆ జాతినే తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం కింద చేర్చి, 1913లో స్టూవర్టుపురం వంటి చోట్ల కంచె వేసి ఉంచారు. ఆ చట్టం 1952లో గాని పోలేదు. ఊళ్ళో ఇంటింటి భవిష్యత్తూ చెప్పినవారికి తమ భవిష్యత్తు మీద అధికారం లేకపోయింది. ఇది వేరే టపాకు సరిపడే కథ.

పేరు సంగతి అలా ఉంచితే, పాత పుస్తకాలు మళ్ళీ తిరగేస్తూ ఉండగా నన్ను పట్టుకొన్న విషయం మరొకటి ఉన్నది. సోదె చెప్పేవారికి ‘లేదు’, ‘వద్దు’ అనే స్వేచ్ఛ ఎంతవరకు ఉన్నదీ అని. మా బత్తలపల్లె చుట్టుపట్ల ఈ ప్రశ్న పుస్తకాలలోది కాదు. ఎందుకో చివర చెబుతాను.

డెల్ఫీ అనేది గ్రీసులో పర్నాసస్ కొండ వాలున ఉన్న క్షేత్రం. అపోలో గుడి లోపలి గదిలో మూడు కాళ్ళ పీఠం మీద కూర్చొని ఒక స్త్రీ పలికేది. ఆమె బిరుదు పిథియా. మొదట కన్యలను ఆ పనికి పెట్టేవారట. తరువాత యాభై దాటిన స్త్రీకే కన్య వేషం వేసి కూర్చోబెట్టడం ఆచారమైంది. తొలినాళ్ళలో ఏడాదికి ఒక్కనాడే పలికేదని, తరువాత నెలకొకసారి అయిందని ప్లూటార్కు వ్రాశాడు. ఆయన మాటకు విలువ ఎక్కువ. క్రీస్తు శకం 1, 2 శతాబ్దాల వాడు, స్వయంగా ఆ గుడిలో అర్చకత్వం చేసినవాడు.

ఇది చదివితే సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడి గుర్తుకు రాని తెలుగువాడు ఉండడనుకొంటాను. 1813లో ఉజ్జయినిలో కలరా వ్యాపించినప్పుడు అక్కడ సైన్యంలో ఉన్న సురిటి అప్పయ్య మ్రొక్కుకొని, తిరిగివచ్చి 1815లో అమ్మవారిని ప్రతిష్ఠించాడని స్థల కథ. ఆషాఢంలో అక్కడ బోనాల ఆదివారం గడిచి సోమవారం ఉదయం కాగానే మాతంగి పచ్చి కుండ మీద నిలబడి పలుకుతుంది. దానినే రంగమంటారు. అక్కడ మూడు కాళ్ళ పీఠం, ఇక్కడ కాలని మట్టి కుండ. రెండు చోట్లా మనిషి నేల మీద నిలవరాదన్నదే నియమం. నేల మీద నిలబడ్డవాళ్ళ మాట మనం రోజూ వింటూనే ఉన్నాము కదా.

అక్కడివారు అడిగే ప్రశ్నలు ఏటేటా అవే. వానలు పడతాయా తల్లీ, పంటలు పండుతాయా, రోగాలు రాకుండా చూస్తావా. అమ్మ చాలా మటుకు అభయమే ఇస్తుంది. అయితే ఇటీవలి సంవత్సరాలలో నా పూజలు సరిగా చేయడం లేదని గట్టిగా మందలించిన సందర్భాలు పత్రికలలో చదివాము. ఎదుట ఉన్నవారు తల వంచుకొని, తప్పు దిద్దుకొంటాము తల్లీ అన్నారు. అధికారులు, టీవీ కెమెరాలు, పోలీసులు అందరూ ఉండగా ఒక సామాన్య స్త్రీ అలా కోప్పడగలగడం నాకు రంగం మీద గౌరవాన్ని పెంచింది. భవిష్యత్తు తెలియడం, తెలియకపోవడం తరువాతి మాట.

డెల్ఫీలో మరొక ఆచారం ఉండేది. పిథియా లోపలికి వెళ్ళేముందు ఒక మేకను తెచ్చి దాని మీద చల్లని నీళ్ళు చల్లేవారు. మేక ఒళ్ళంతా వణికితే ఆ రోజు దైవం పలకడానికి ఇష్టపడ్డట్టు. వణకకపోతే ఆ రోజుకు ప్రశ్నలు లేవు, ఎంత దూరం నుండి వచ్చినవారైనా వెనుదిరిగి పోవలసిందే. నేను మొదటిసారి ఇది చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మా వైపు జాతరలలో పొట్టేలి మీద పసుపునీళ్ళు చల్లి, అది ఒళ్ళు విదిలించేదాకా కత్తి ఎత్తకపోవడం చిన్నప్పటి నుండీ చూస్తున్నదే. విదిలిస్తే అమ్మ ఒప్పుకొన్నది. విదల్చకపోతే ఏదో లోపం జరిగింది. రెండు దేశాలకు నడుమ ఈ ఆచారం ఎటు నుండి ఎటు నడిచిందన్న చర్చలోకి నేను వెళ్ళను, అటువంటివి నిరూపించడం కష్టం. నా ఆసక్తి దాని బిగువులో ఉన్నది. అడిగేవాడికీ పలికేదానికీ నడుమ, కానుకలకు లొంగని ఒక మూగజీవాన్ని పెట్టారు. ‘లేదు’ అనే అధికారం దానికిచ్చారు.

కానీ మనుష్యులు ఊరుకుంటారా? జాతరలో పొట్టేలు ఎంతకీ కదలకపోతే చెంబు మీద చెంబు నీళ్ళు పోస్తారు. చెవిలో పోసేవాళ్ళను కూడా చూశాను. చివరకు అది విదిలిస్తుంది, ఏ ప్రాణి అయినా విదిలిస్తుంది. అందరూ కేక వేస్తారు.

ప్లూటార్కు తన కాలంలోనే డెల్ఫీలో ఇలా జరిగిందని వ్రాశాడు. పరదేశం నుండి పెద్ద బృందం ఒకటి వచ్చింది. మేక మీద నీళ్ళు చల్లారు, వణకలేదు. మళ్ళీ చల్లారు. వచ్చినవారిని సంతోషపెట్టాలన్న ఆత్రంతో అర్చకులు అది తడిసి ముద్దయి ఊపిరాడని స్థితికి వచ్చేదాకా పోశారు. అప్పటికి అది వణికింది. పిథియా ఇష్టం లేకుండానే లోపలికి దిగింది. మొదటి మాటలకే గొంతు మారిపోయింది, గాలిలో చిక్కిన ఓడలాగ ఊగిపోయింది, భయంకరంగా అరుస్తూ వాకిలి వైపు పరుగెత్తి కింద పడిపోయింది. వచ్చినవారే కాదు, అర్చకులు సైతం పారిపోయారు. కాసేపటికి తిరిగివచ్చి ఆమెను లేవనెత్తారు. కొద్ది రోజులే బ్రతికింది. డెల్ఫీని గూర్చి నేను చదివిన కథలన్నింటిలో ఇంతకన్న బాధ కలిగించినది లేదు. ఆమె పేరు కూడా ఆయన వ్రాయలేదు.

‘లేదు’ను మింగివేసే పని ఎప్పుడూ ఇంత మోటుగా జరగదు, నాజూకుగానూ జరుగుతుంది. హెరొడోటస్ చరిత్రలో ఒనొమాక్రిటస్ అని ఒకడున్నాడు. పూర్వకాలపు మ్యూసియస్ చెప్పాడనే జోస్యాలను సేకరించి క్రమపరచే పండితుడు. వాటిలో తన సొంత జోస్యమొకటి చొప్పిస్తుండగా లాసస్ అనే కవి పట్టుకొన్నాడు. ఏథెన్సు నుండి వెళ్ళగొట్టారు. మన పరిభాషలో చెప్పాలంటే ప్రక్షిప్తం చేస్తూ దొరికిపోయిన పరిష్కర్త. తెలుగు పండితులలో ఈ కథ విని ఉలిక్కిపడేవారు లేకపోలేదు.

అసలు విషయం తరువాతిది. ఆ పెద్దమనిషి కొన్నేళ్ళకు పారసీక చక్రవర్తి కొలువులో తేలాడు. గ్రీసు మీదికి దండెత్తాలా వద్దా అని క్షయార్ష ఊగిసలాడుతుంటే, సముద్రం మీద వంతెన కట్టడం నీ వంశానికి రాసిపెట్టి ఉన్నదనే జోస్యాలు ఏరి వినిపించాడు. పారసీకులకు కీడు సూచించేవి కూడా అతని సంపుటంలో ఉన్నాయి. అవి చదవలేదు. అంతే. ఈసారి అబద్ధం ఒక్కటీ కల్పించలేదు, ఒక్క అక్షరమూ దూర్చలేదు. ఊరక కొన్ని పుటలు తిప్పివేశాడు.

కాలజ్ఞానం విషయంలో మనకు జరిగినదీ ఇటువంటిదేనని నా అభిప్రాయం. పోతులూరి వీరబ్రహ్మంగారు బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం వ్రాశారని, ఆ తాటాకులను పాతిపెట్టి పైన చింతచెట్టు నాటారని, చివరకు కందిమల్లాయపల్లెలో సజీవ సమాధి అయ్యారని కథ. ఈ రోజున అచ్చులో దొరికే కాలజ్ఞానాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఏదైనా పెద్ద సంఘటన జరగగానే అది అందులో ఉన్నదని ఎవరో ఒకరు చూపిస్తారు, జరగకముందు చూపించినవారు మాత్రం కనబడరు. ఇది అందరికీ తెలిసిన ఎకసెక్కమే. నాకు కష్టం కలిగించేది వేరు. ఆ తత్త్వాలలో కులాన్ని, డంబాన్ని, దొంగ గురువులను తిట్టిన భాగం చాలా ఉన్నది. దూదేకుల సిద్దయ్యను ప్రధాన శిష్యునిగా చేసుకొన్న మనిషి ఆయన. అది మనకు చెప్పిన ‘వద్దు’. ఆ పుటలు తిప్పివేసి, ఏ దేశానికి ఏమవుతుందో చెప్పే పుటలు మాత్రమే చదువుకొంటున్నాము.

సాహిత్యం సంగతి చూద్దాము. మన యక్షగానాలలో, కురవంజులలో ఎఱుకలసాని రాగానే ప్రేక్షకులు కుదుటపడతారు. నాయిక విరహంతో వేగిపోతూ ఉంటుంది, సింగి వచ్చి చేయి చూసి, నీ మనసులోని వాడు నిన్ను చేరతాడమ్మా అంటుంది. చేరకుండా పోయిన కథ నాకు తెలిసి లేదు. శ్రీనివాస కల్యాణ కథలో అయితే మరీ చమత్కారం. ఆకాశరాజు ఇంటికి ఎఱుకతగా వచ్చి, నీ కూతురును వేంకటాద్రి మీది వాడికిచ్చి పెళ్ళి చేయమని ధరణీదేవికి చెప్పినది సాక్షాత్తు ఆ కొండమీది వాడే. సోదె చెప్పేది పెళ్ళికొడుకే అయితే ‘కాదు’ ఎక్కడి నుండి వస్తుంది?

గ్రీకులది దీనికి పూర్తిగా ఎదురు. సోఫోక్లీసు నాటకంలో తండ్రిని చంపుతావు, తల్లిని పెళ్ళాడతావు అన్న పలుకు నుండి పారిపోయే ప్రయత్నమే ఈడిపస్‌ను ఆ పలుకు దగ్గరకు చేరుస్తుంది. మనకు దీనికి దగ్గరివాడు కంసుడు. ఆకాశవాణి విన్నాడు, పిల్లలను చంపాడు, చావును తానే పెంచి పెద్ద చేసుకొన్నాడు. అయినా మనం కంసుని కోసం ఏడవము. ఈడిపస్ కోసం ఏడుస్తాము.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది పరీక్షిత్తు. అది శాపం, జోస్యం కాదు, కానీ వినేవాడికి రెండూ ఒకటే: ఏడు రోజులలో తక్షకుడి వల్ల చస్తావు. భారతం ఆదిపర్వంలో ఆయన ఒంటిస్తంభపు మేడ కట్టించుకొని, విషవైద్యులను, మంత్రవేత్తలను చుట్టూ పెట్టుకొని కూర్చొంటాడు. పాము పండులో పురుగై వస్తుంది. భాగవతంలో అదే పరీక్షిత్తు అదే మాట విని, రాజ్యం కొడుకుకు అప్పగించి, గంగ ఒడ్డున దర్భల మీద కూర్చొని శుకుణ్ణి కథ చెప్పమంటాడు. ఒకే మనిషి, ఒకే ఏడు రోజులు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఏది నిజం సార్ అని అడిగేవారు. రెండూ నిజమేరా, మీ ఇళ్ళలో చూడండి, జబ్బు చేసినవారు ఇద్దరుంటే ఇద్దరూ రెండు విధాలుగా ఉంటారు అనేవాణ్ణి.

‘లేదు’ చెప్పించుకొని కూడా బ్రతికి బయటపడ్డవారు ఏథెన్సు ప్రజలు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. క్రీస్తు పూర్వం 480లో క్షయార్ష సైన్యం వస్తున్నదని డెల్ఫీకి మనుష్యులను పంపారు. లోపలికి అడుగు పెట్టగానే పిథియా, ఇంకా కూర్చున్నారేమి, ఊరు వదలి ప్రపంచం అంచుకు పారిపోండి, సర్వం నాశనమని చెప్పింది. వచ్చినవారు కుప్పకూలారు. డెల్ఫీ పెద్ద ఒకడు వారికి ఆలివు కొమ్మలు చేతికిచ్చి మళ్ళీ వెళ్ళి అర్థించమన్నాడు. ఇంతకన్న మంచి మాట చెప్పేదాకా ఇక్కడే ఉండి చస్తామని వారు కూర్చున్నారు. అప్పుడు రెండవ పలుకు వచ్చింది: కొయ్యగోడ ఒక్కటి మిగులుతుందని.

చూశారా, ఇది మేక మీద మళ్ళీ నీళ్ళు పోయడమే. అయినా ఈసారి మేలు జరిగింది. కారణం, వారు ఆ పలుకును ఇంటికి తెచ్చి సభలో చర్చకు పెట్టారు. కొందరు ముసలివారు కొయ్యగోడ అంటే కోట చుట్టూ ఉన్న కంప అన్నారు. కోటలోనే ఉండి, బల్లలు అడ్డం కట్టుకొని, అక్కడే చనిపోయారు. థెమిస్టోక్లీసు అది ఓడలేనన్నాడు. సలామిస్ దగ్గర ఓడలతోనే గెలిచారు. ఆ ఓడలు సోదె వినకముందే, క్రీస్తు పూర్వం 483 ప్రాంతంలో, లారియం గనులలో పడ్డ వెండితో అతడే పట్టుబట్టి కట్టించినవి. లిడియా రాజు క్రోయిసస్ కథ దీనికి తలక్రిందులు. యుద్ధానికి పోతే ఒక గొప్ప సామ్రాజ్యం కూలుతుందని విని సంతోషించి బయలుదేరాడు. కూలినది తనదే. ఎవరి సామ్రాజ్యమని మళ్ళీ అడగవలసిందని తరువాత డెల్ఫీ వారు తప్పించుకొన్నారు. ఈ కథ అందరూ ఎఱిగినదే, వదలివేస్తున్నాను.

ఇక మా ఊరు. 2022 ఏప్రిల్ నుండి మేము శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాము గాని, కరువుకు మేము అనంతపురం వాళ్ళమే. సగటు వాన 550 మిల్లీమీటర్ల ప్రాంతం. నైరృతి మేఘం పడమటి కనుమలలోనే సగం ఖాళీ అయి వస్తుంది, ఈశాన్యపు మేఘం ఇంత లోపలికి రాకముందే అలసిపోతుంది. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మేఘాధిపతి ఎవరు, ఎన్ని తూముల వాన, అందులో సముద్రానికెన్ని పాళ్ళు, కొండలకెన్ని, భూమికెన్ని అని చదువుతాము. చిన్నప్పుడు మా ఊరి ముసలాయన ఒకడు అది వినగానే, సముద్రానికి నీళ్ళెందుకు సామీ, మా పాలు గూడా దానికే పోసినారు అనేవాడు. శాస్త్రిగారు కూడా నవ్వేవారు.

పంచాంగాన్ని అందరూ ముహూర్తాలు చెప్పే పుస్తకమనుకొంటారు. నేను జీవితమంతా చూసినది ఏమిటంటే అందులో ఎక్కువ భాగం ‘వద్దు’లే. వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం, మూఢం, శూన్యమాసం. ఇప్పుడు కాదు, ఆగు అని చెప్పడానికి ఇన్ని మాటలున్న శాస్త్రం మరొకటి ఉన్నదో లేదో. వాటిలో నిజమెంత అని పోట్లాడే మిత్రులున్నారు, వారితో నాకు పేచీ లేదు.

మా మెట్టలో ఈనాటి సోదెగాడు పాయింటు చూసేవాడు. బోరు ఎక్కడ వేయాలో చెప్పేవాణ్ణి అలా అంటారు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకొని చేనంతా నడుస్తాడు. నీళ్ళున్న చోట కాయ లేచి నిలబడుతుందని నమ్మకం. కొందరు వేప పంగలకఱ్ఱ పట్టుకొంటారు. దీనికి మూలపురుషులను వెదికేవారు వరాహమిహిరుని బృహత్సంహితలోని దకార్గళాధ్యాయం చూపుతారు. అది వేరు. నేరేడు చెట్టుకు తూర్పున పుట్ట ఉంటే దక్షిణాన ఇన్ని మూరల దూరంలో, ఇన్ని పురుషల లోతున నీరున్నదని చెట్టునూ పుట్టనూ రాతినీ చూసి చెప్పే అధ్యాయమది. పురుష అంటే చేయెత్తి నిలబడ్డ మనిషి ఎత్తు. మా బోర్లు వందల అడుగులు దిగుతున్నాయి. అంత లోతుకు ఏ పుట్ట గుర్తు?

మా నేల కింద గట్టి రాయి. ఇసుక పొరలలో లాగ నీళ్ళు పరచుకొని ఉండవు, రాతి పగుళ్ళలోనే దాగి ఉంటాయి. పది గజాల దూరంలో వేసిన రెండు బోర్లలో ఒకదానిలో నీళ్ళు, రెండవదానిలో పొడి దుమ్ము రావడం ఇందుకే. చెప్పినవాడి మాట అప్పుడప్పుడు నిజం కావడమూ ఇందుకే. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చాక బోరుకు అనుమతి కావాలి. అది కాగితం మీద. కొబ్బరికాయ అనుమతే ముందు అడుగుతారు.

కొన్నేళ్ళ క్రితం, ఆషాఢం వారం రోజులలో పడుతుందనగా, నా దగ్గర చదువుకొన్నవాడొకడు ఇంటికి వచ్చాడు. ఐదెకరాల శెనక్కాయ చేను. అప్పటికి మూడు బోర్లు వేసి మూడూ ఎండినవే. రెండవదానికి భార్య మెడలోని గొలుసు బ్యాంకుకు వెళ్ళింది. మూడవదానికి బయటి అప్పు. నాలుగవదానికి పాయింటు పెట్టించాను, దినం చూసిచ్చండి సార్ అని వచ్చాడు.

కథ మెల్లగా బయటికి తీశాను. ముందు వచ్చినవాడు మా చుట్టుపట్ల పేరున్న ముసలివాడు. రెండు గంటలు నడిచాడట. కాయ ఎక్కడా లేవలేదు. “ఈ చేన్లో లేదు నాయనా, దుడ్డు పెట్టొద్దు” అని చెప్పి, కాయ కూడా అక్కడే పెట్టి, రూపాయి తీసుకోకుండా వెళ్ళిపోయాడట. ఇంట్లో వాళ్ళు ఆయనకు వయసైపోయింది, చెయ్యి పోయింది అన్నారు. కదిరి వైపు నుండి మరొకణ్ణి పిలిపించారు. అతడు పది నిమిషాలలో ఈశాన్య మూల కాయ నిలబెట్టి డబ్బు తీసుకొని వెళ్ళాడు. ఆ ముసలివాణ్ణి ఇప్పుడు ఎవరూ పిలవడం లేదని వాడే చెప్పాడు. లేదన్నవాడికి మళ్ళీ పిలుపు రాదు. నీళ్ళు పడకపోతే రెండవవాడి తప్పు కాదు, బోరు రెండడుగులు పక్కకు పడింది.

నేను వాడికి ఏథెన్సు కథ చెప్పాను. బడిలో చెప్పినట్టే, మేకతో మొదలుపెట్టి కొయ్యగోడ దాకా. మొదటి సోదె చెడ్డగా వస్తే వారూ రెండవసారి అడిగారు గాని, విన్నాక ఊరంతా కూర్చొని దాని అర్థం తేల్చుకొన్నారు, నువ్వు ఎవరితో కూర్చొన్నావు అని అడిగాను. వాడు శ్రద్ధగా విన్నాడు. తొమ్మిదవ తరగతిలో అంత శ్రద్ధ లేదు. విని అన్నాడు:

“వాళ్ళకు పడవలుండాయి గదా సార్. మాకేముండాయి?”

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. నిజమే, కొయ్యగోడ ముందే కట్టి ఉన్నవాడికి కొయ్యగోడ సోదె పనికివస్తుంది.

పంచాంగం తీశాను. ఆషాఢం ముందు మిగిలిన వారంలో వాడి నక్షత్రానికి పొసగిన దినం కనబడలేదు. ఆషాఢం శూన్యమాసం. శ్రావణంలో రా, అప్పుడు చూస్తాను అన్నాను. శాస్త్రం చెప్పినదే చెప్పాను, ఆ శాస్త్రంలో లేనిది ఒక్క మాట కలపలేదు. బోరు బండికి బయానా ఇచ్చేశావా అంటే, ఇంకా లేదన్నాడు. ఆ నెలలో భూగర్భజల శాఖ వారి చేత ఒకసారి చూపించు, ఆ ముసలాయనను కూడా పిలిచి ఎందుకు లేదన్నాడో అడుగు అని చెప్పి పంపాను.

ఇక్కడ డొడోనా సంగతి చెప్పాలి. గ్రీసు వాయవ్య మూలలో, జ్యూసు దేవుడు సింధూర వృక్షపు ఆకుల గలగలలో పలికే చోటు అది. డెల్ఫీ రాజులదైతే డొడోనా రైతులది. అడగవలసిన ప్రశ్నను పలుచని సీసపు రేకు మీద గీకి, మడిచి ఇచ్చేవారు. తవ్వకాలలో ఆ రేకులు గుట్టలుగా దొరికాయి. 2013లో 4,000కు పైగా వ్రాతలు ఒక్కచోట అచ్చయ్యాయి. సామ్రాజ్యాల గొడవ వాటిలో తక్కువ. ఈ కడుపులోని బిడ్డ నాదేనా అని ఒకడు అడుగుతాడు. గొఱ్ఱెలు పెంచితే నాకు మేలూ లాభమూ కలుగుతాయా అని ఒకడు.

శ్రావణ శుద్ధంలో మావాడు మళ్ళీ వచ్చాడు. శాఖ వారు యంత్రం పెట్టి చూసి, నమ్మకంగా చెప్పలేమన్నారట. ముసలాయన ఇంటికి కూడా వెళ్ళాడట. ఆయన కొత్తగా ఏమీ చెప్పలేదు, మజ్జిగ ఇచ్చి పంపాడట. వీడు దినం సంగతి ఎత్తలేదు. అరుగు మీద కూర్చొని కాసేపు వానల మాట మాట్లాడి, లేచేముందు అడిగాడు. బోరుకనుకున్న అప్పుతోనే ఒక ఇరవై గొఱ్ఱెలు తోలుకుంటే లాభమా సార్, బీడు ఎట్లాగూ ఉండాది గదా అని.

ఆ సీసపు రేకు మీద ప్రశ్న మాత్రమే ఉన్నది. జ్యూసు ఏమి చెప్పాడో దాని మీద లేదు. గొఱ్ఱెలకు కావలసినది మేత, మేతకు మళ్ళీ వానే కదరా అన్నాను. ఆ సంగతి నాకు తెలుసు సార్ అన్నాడు. వచ్చే సంతకు పోతున్నానని చెప్పి వెళ్ళాడు.